మొరిగే కారు, మొరగని తాళం

పిల్లలూ, కారు ఏడవటం మీరు వినే ఉంటారు. దీపావళి నాడు ఎవరో లక్ష్మీబాంబు కాలుస్తారు. అది పేలగానే వీధి చివర నిలబెట్టి ఉన్న కారొకటి "కుయ్యో, కుయ్యో" అని అందుకుంటుంది. ఆ అదురుకే దాని పక్కనున్నదీ మొదలుపెడుతుంది. దీపాలు టపటపా వెలిగి ఆరుతాయి. ఎక్కడా దొంగ ఉండడు. కాసేపటికి కారుగల ఆయన మేడమీదినుంచే తాళంచెవి చాచి మీట నొక్కుతాడు. కారు "క్విక్" మని ఊరుకుంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. నిజం చెప్పాలి. కిందటిసారి మీ వీధిలో కారు అట్లా అరిచినప్పుడు మీరు కిటికీ దగ్గిరికి వెళ్ళి చూశారా? మీ నాన్నగారు చూశారా? ఎదురింటివాళ్ళు చూశారా? నేను ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. "అబ్బ, ఎవరిదో ఆ దిక్కుమాలిన కారు!" అని విసుక్కున్నవాళ్ళే అందరూను. "దొంగలేమో చూద్దాం" అని లేచినవాళ్ళు నాకు తగలలేదు.

ఇది చిత్రంగా లేదూ? దొంగ వచ్చాడని పదిమందికీ చెప్పటానికే డబ్బుపోసి అలారం పెట్టించుకుంటారు. తీరా అది చెబితే పదిమందిలో ఒక్కరూ వినరు! మరి ఆ పరికరం ఎందుకు పుట్టినట్టు? దానివల్ల పని జరగకపోతే, కార్లను నిజంగా కాపాడేది ఏమిటి? ఈ సంగతి కాస్త విచారిద్దాం.

మొట్టమొదట ఒక విషయం గుర్తుంచుకోవాలి. అలారం దొంగను పట్టుకోదు. దానికి చేతులు లేవు, కర్ర లేదు. అది చేసేదల్లా మనిషిని పిలవటమే. మన ఊళ్ళలో ఈ పని పూర్వం నుంచీ కుక్క చేస్తున్నది. రాత్రిళ్ళు కర్ర తాటిస్తూ, ఈల వేస్తూ వీధుల్లో తిరిగే గూర్ఖా చేస్తున్నాడు. దీనికి విద్యుత్తును వాడవచ్చునని అమెరికాలో ఆగస్టస్ పోప్ అనే ఆయనకు తోచింది. ఆయన ఇంటి తలుపులకూ, కిటికీలకూ తీగలు అమర్చి, తలుపు కదిలితే గంట మోగే ఏర్పాటు చేసి, 1853లో దానికి పేటెంటు పొందాడు. 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వర్తకుడు ఆ హక్కులు కొని, ఆ గంటలను ఇళ్ళకు అమర్చటం ఒక వ్యాపారంగా వృద్ధి చేశాడు. ఇవాళ కారులో అరిచే పరికరానికి ఆ గంటే ముత్తాత అన్నమాట.

అయితే తొలినాటి కార్లకు అలారం అంతగా అవసరం ఉండేది కాదు. ఎందుచేతనంటే వాటిని కదిలించటమే ఒక ప్రయాస. కారు ముందు నిలబడి, ఇనప కడ్డీని ఇంజనులో దూర్చి, బలం కొద్దీ తిప్పాలి. ఒక్కొక్కప్పుడు ఆ కడ్డీ ఎదురుతిరిగి మనిషి చెయ్యి విరగ్గొట్టేది. ఈ బాధ తప్పించటానికి చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు 1911లో విద్యుత్తుతో నడిచే స్టార్టరు తయారుచేశాడు. అది 1912లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. 1949లో క్రైస్లర్ కంపెనీవారు తాళంచెవి తిప్పితే చాలు ఇంజను కదిలే పద్ధతి తెచ్చారు. కారుగల వాళ్ళకు ప్రాణం సుఖపడింది. కాని దొంగకూ అంతే సుఖం కలిగింది! యజమానికి ఏ పని సులువు చేస్తామో, దొంగకూ ఆ పనే సులువవుతుంది. వాహనాల చరిత్ర అంతా ఈ పోటీయే.

ఈ పోటీలో మొదటి పెద్ద గెలుపు చప్పుడు చేసే పరికరానిది కాదు. మీ ఇంట్లో స్కూటరో, మోటారుసైకిలో ఉంటే దాని హ్యాండిల్‌ను ఒక పక్కకు తిప్పి తాళం వెయ్యటం చూసే ఉంటారు. కార్ల స్టీరింగుకూ అటువంటి తాళమే ఉంటుంది. పశ్చిమ జర్మనీలో 1960ల తొలి సంవత్సరాల్లో కొత్తవీ, పాతవీ అన్ని కార్లకూ ఈ తాళం ఉండి తీరాలని చట్టం చేశారు. కార్ల దొంగతనాలు బాగా తగ్గిపోయాయి. బ్రిటన్‌లో 1971లో ఇదే చట్టం వచ్చింది. కాని అక్కడ కొత్త కార్లకు మాత్రమే పెట్టారు. ఏం జరిగి ఉంటుందో ఊహించండి. దొంగలు కొత్త కార్లను వదిలి పాత కార్ల మీద పడ్డారు! ఒక ఇంటికి గట్టి తలుపు పెడితే దొంగ పక్క ఇంటికి పోతాడు. వీధి మొత్తానికీ గట్టి తలుపులుంటే వాడు వేరే బతుకుదెరువు చూసుకోవాలి.

సరే, మళ్ళీ అలారం దగ్గిరికి వద్దాం. కంపెనీలో కారుతోపాటే వచ్చే అలారాలు కొన్ని. కారు కొన్న తరవాత కార్ డెకార్స్ దుకాణంలో వేరే పెట్టించుకునేవి కొన్ని. రెండో రకంలో కూడా లోపల ఉండే సరంజామా ఇంచుమించు అదే. దొంగను కనిపెట్టటానికి అలారానికి మూడు నాలుగు ఇంద్రియాలుంటాయి.

మొదటిది తలుపు స్విచ్చి. కారు తలుపు తియ్యగానే లోపల దీపం వెలుగుతుంది గదా? తలుపు సందులో ఉన్న చిన్న స్విచ్చి వల్లనే అది వెలుగుతుంది. అదే స్విచ్చి అలారానికీ కబురు చేస్తుంది. మన పోప్ గారి పద్ధతి ఇదే.

రెండోది అదురును కనిపెట్టే పరికరం. మీ వంటింట్లో గ్యాస్ లైటరు ఉన్నదా? దాన్ని "టిక్కు" మని నొక్కితే నిప్పురవ్వ వస్తుంది. అందులో బ్యాటరీ లేదు. మరి విద్యుత్తు ఎక్కడిది? కొన్నిరకాల స్ఫటికాలను నొక్కినా, కొట్టినా వాటిలో విద్యుత్తు పుడుతుంది. ఈ సంగతిని 1880లో ఫ్రాన్సు దేశంలో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. ఈ పియరే తరవాత రేడియం కనిపెట్టిన మేడమ్ క్యూరీ భర్త. అలారంలో కూడా ఇటువంటి ముక్క ఒకటి ఉంటుంది. ఎవరైనా అద్దం మీద కొడితే ఆ అదురు దానికి తగిలి రవంత విద్యుత్తు పుడుతుంది. ఇంకో విశేషం ఏమంటే, ఆ స్ఫటికానికే విద్యుత్తు ఇస్తే అది కంపించి మోత పుట్టిస్తుంది. చాలా సైరన్లు ఆ మోతతో అరిచేవే.

మూడోది గబ్బిలం లాంటిది. మన చెవికి వినపడని ధ్వనిని కారులోపల వదిలి, అది తిరిగివచ్చే తీరును వింటూ ఉంటుంది. లోపల ఏదైనా కదిలితే ఆ ధ్వని మారుతుంది. నాలుగోది కారు వాలును కనిపెట్టేది. చక్రాలు ఊడదీయటానికి జాకీతో లేపినా, కొక్కెం తగిలించి ఈడ్చుకుపోబోయినా అది చెబుతుంది.

ఈ కబుర్లన్నీ ఒక చిన్న పెట్టెకు చేరుతాయి. అది సైరనుకు ఆజ్ఞ ఇస్తుంది. మనం మామూలుగా మాట్లాడుకునే ధ్వని 60 డెసిబెల్స్ ఉంటే, ఈ సైరను 110 నుంచి 120 డెసిబెల్స్ దాకా అరుస్తుంది. పక్కనే నిలబడితే చెవులు గింగురుమంటాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని ఆ స్ఫటికానికి తగిలిన అదురు దొంగదో, పిల్లిదో దానికెట్లా తెలుస్తుంది? తెలియదు. ఎంత అదురుకు మోగాలో నిర్ణయించటానికి ఒక చిన్న మర ఉంటుంది. ఆ మరను ఒకవైపు ఎక్కువ తిప్పితే దొంగ అద్దం పగలగొట్టినా మోగదు. రెండోవైపు ఎక్కువ తిప్పితే గాలి వీచినా మోగుతుంది. ఆ చిన్న మర తిప్పటంలోనే ఉంది రహస్యమంతా.

విజయవాడలో మా అక్కయ్య వాళ్ళ వీధిలో టాక్సీ నడుపుకునే ఆయన ఒకాయన ఉన్నాడు. ఆయన అప్పుచేసి ఒక పాత కారు కొన్నాడు. అది పోతే ఇల్లు గడవదు. అందుచేత ఒక దుకాణంలో అలారం పెట్టించుకుని, "ఎంత చిన్న అలికిడయినా మోగాలి" అని అడిగి మరీ ఆ మరను చివరిదాకా తిప్పించాడు.

మొదటి రాత్రి కారు మోగగానే వీధివాళ్ళంతా కర్రలు పుచ్చుకుని వచ్చారు. చూస్తే కారు మీద పిల్లి కూర్చుని ఉంది! అందరూ నవ్వుకుని వెళ్ళిపోయారు. రెండో వారంలో కొబ్బరిమట్ట పడితే మోగింది. ఈసారి కర్రలు రాలేదు, కిటికీలు మాత్రం తెరుచుకున్నాయి. మూడో వారంలో ఇసక లారీ పోతే మోగింది. "ఆపవయ్యా బాబూ, పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు!" అని ఎవరో కేక వేశారు. నెల తిరిగేసరికి ఎవరూ ఏమీ అనటం మానేశారు. పిల్లలు దానికి "ఏడుపుగొట్టు కారు" అని పేరు పెట్టారు.

ఒకనాడు తెల్లవారుజామున కారు చాలాసేపు ఏడ్చింది. వీధిలో ఎవరూ లేవలేదు. పగలూ రాత్రీ విశాఖపట్నం దాకా బండి నడిపి వచ్చి పడుకున్న ఆ టాక్సీ ఆయనకూ మెలకువ రాలేదు. తెల్లవారి చూస్తే కారు అద్దం పగిలి ఉంది. లోపల పెట్టిన రెండు రోజుల కిరాయి డబ్బు పోయింది. స్టీరింగు కింద తీగలు బయటికి లాగి ఉన్నాయి. కాని కారు మాత్రం నిలబెట్టినచోటే ఉంది.

నాలుగో తరగతి చదివే ఆయన కూతురు ఆ గాజుముక్కలు చూస్తూ, "నాన్నా, అంతసేపు అరిచింది గదా, ఎవరూ ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఆయన ఏమీ చెప్పలేకపోయాడట. చుట్టూ చేరిన వీధివాళ్ళు కూడా తలలు దించుకున్నారట. మా అక్కయ్య ఈ సంగతి నాకు చెప్పినప్పుడు నాకింకో ప్రశ్న కూడా తోచింది. అలారం అరిచినా ఎవరూ రాలేదు. తీగలు కూడా పీకారు. మరి కారెందుకు పోలేదు?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు వేరువేరు.

మొదటిదానికి జవాబు మీకు తెలిసిన "నాన్నా, పులి!" కథలోనే ఉంది. అయితే ఆ కథలో పిల్లవాడు కావాలని అబద్ధమాడాడు. కారు అబద్ధమాడలేదు. దానికి తెలిసింది అది చెప్పింది. అయినా ఫలితం ఒకటే అయింది. మన మెదడుకు ఒక స్వభావం ఉంది. ఏ చప్పుడు వచ్చినా మొదట ఉలిక్కిపడుతుంది. ఆ చప్పుడు వెనక ఏ అపాయమూ లేదని నాలుగుసార్లు తేలితే, అయిదోసారి దాన్ని పక్కకు నెట్టేస్తుంది. గోడగడియారం టిక్కుటిక్కు మనటం మీకు వినపడకపోవటం ఇందుకే. చేలో దిష్టిబొమ్మను చూసి మొదట జడిసిన కాకులు పదోనాడు దాని నెత్తిమీదే కూర్చోవటం ఇందుకే. ఈ గుణం లేకపోతే మనం బతకలేం; లోకంలోని ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడుతూ ఉండాలి. అందుచేత ఆ వీధివాళ్ళు చెడ్డవాళ్ళని అనుకోకండి. ఆ కారు వాళ్ళ చెవులను నెలరోజులపాటు చేజేతులా పాడుచేసింది.

ఇది ఒక్క వీధిలో జరిగింది కాదు. అమెరికాలో న్యూయార్క్ మహానగరమంతా ఇదే అవస్థ పడింది. అక్కడ కార్లు వీధుల పక్కనే బారులు తీరి ఉంటాయి, వాటి పైన మేడల్లో జనం నిద్రపోతారు. కారు అలారం మూడు నిమిషాల్లోగా దానంతటదే ఆగిపోవాలని ఆ నగరంలో నిబంధన పెట్టవలసివచ్చింది. అమెరికాలో బీమా కంపెనీల తరఫున లెక్కలు కట్టే సంస్థ ఒకటి 1997లో పరిశీలించి చూస్తే, అలారాలున్న కార్ల విషయంలో దొంగతనాల నష్టం మొత్తం మీద తగ్గినట్టు కనిపించలేదు. ట్రాన్స్‌పోర్టేషన్ ఆల్టర్నేటివ్స్ అనే న్యూయార్క్ పౌరసంఘం వారు 2003లో, ఈ అలారాలవల్ల నిద్ర చెడటమే గాని దొంగతనం ఆగదనీ, వీటిని నిషేధించాలనీ ఒక నివేదిక ప్రచురించారు.

మీకు నవ్వు తెప్పించే సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో మాకింగ్‌బర్డ్ అనే పిట్ట ఉన్నది. అది తాను విన్న కూతలన్నీ అనుకరిస్తుంది. నగరాల్లో ఉండే ఆ పిట్టలు కారు అలారాలను కూడా అనుకరించటం నేర్చుకున్నాయి! మనుషులు వినటం మానేసిన పాటను పిట్టలు శ్రద్ధగా నేర్చుకున్నాయన్నమాట.

ఇక రెండో ప్రశ్న. ఎవరూ రాకపోయినా ఆ టాక్సీ ఎందుకు పోలేదు? అందులో ఇంకొక కాపలావాడున్నాడు. వాడు మొరగడు. వాడి పేరు ఇమ్మొబిలైజర్. అంటే కదలనివ్వనివాడు.

ఇప్పటి కారు తాళంచెవి పట్టుకునే చోట నల్లని పిడి ఉంటుంది. ఆ పిడిలో చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. ఇది పనిచెయ్యటానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళంచెవి దూర్చే రంధ్రం చుట్టూ రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో ప్రవహించే విద్యుత్తు గబగబా అటూ ఇటూ మారుతూ ఉంటే, దగ్గిరిలో ఉన్న చిప్పు తీగలో కూడా విద్యుత్తు పుడుతుంది. ఒక తీగ మరో తీగను తాకకుండానే అందులో విద్యుత్తు పుట్టించగలదని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. ఆయన సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది.

చిప్పుకు ప్రాణం రాగానే కారులోని కంప్యూటరు దాన్ని ఒక ప్రశ్న అడుగుతుంది. చిప్పు జవాబు చెబుతుంది. మంచి రకాల్లో ఈ ప్రశ్న ప్రతిసారీ మారుతుంది. అందుచేత నిన్నటి జవాబును చాటునుంచి విన్నవాడికి ఇవాళ అది పనికిరాదు. జవాబు సరిగా ఉంటేనే కంప్యూటరు ఇంజనుకు పెట్రోలూ, నిప్పురవ్వా అందనిస్తుంది. లేకపోతే ఎన్ని తీగలు పీకి కలిపినా ఇంజను ఉలకదు, పలకదు. ఆ తెల్లవారుజామున దొంగ పడిన పాట్లు ఇవే. వాడు తీగలు పీకగలిగాడు గాని, ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాడు. "మొరిగే కుక్క కరవదు" అంటారు. ఇక్కడ మొరిగింది కరవలేదు, కరిచింది మొరగలేదు!

ఐరోపా దేశాలు ఈ సాధనం విలువ గ్రహించాయి. బ్రిటన్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. ఆస్ట్రేలియాలో 2001లోనూ, కెనడాలో 2007లోనూ ఇటువంటి నిబంధనే వచ్చింది. 1990ల మొదట్లో ఇంగ్లండు, వేల్సులలో పోలీసు లెక్కల ప్రకారం ఏటా 5 లక్షలకు పైగా వాహనాలు పోయేవి. 2013 నాటికి ఆ సంఖ్య లక్షకు దిగువకు వచ్చింది. దీనికి ఇతర కారణాలు కూడా ఉన్నాయి గాని, ఈ మాటాడని కాపలావాడు ముఖ్య కారణాల్లో ఒకడు.

అమెరికాలో ఇటువంటి నిబంధన లేదు. అక్కడ రెండు కంపెనీలవారు చాలా ఏళ్ళపాటు తమ చవక కార్లలో ఇమ్మొబిలైజర్ పెట్టకుండానే అమ్మారు. వాటిని ఎట్లా దొంగిలించవచ్చునో చూపే వీడియోలు 2022లో పాకిపోయాయి. వేలకొద్దీ కార్లు పోయాయి. దొంగిలించినవాళ్ళలో చాలామంది హైస్కూలు వయసు పిల్లలు! తమాషాకని ఎక్కి, వేగంగా నడిపి, ప్రమాదాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక చిన్న చిప్పు లేకపోవటంవల్ల ఎంత పని జరిగిందో చూడండి.

ఇంతటితో దొంగ ఓడిపోయాడనుకోకండి. ఇప్పుడు కొన్ని కార్లకు తాళంచెవి దూర్చే పనే లేదు. చెవి జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. ఇది మరీ సులువు. అంటే దొంగకూ సులువే. ఒక దొంగ ఇంటి గుమ్మం దగ్గిర ఒక పరికరం పట్టుకుని, లోపల బల్లమీద ఉన్న తాళంచెవి రేడియో మాటను అందుకుంటాడు. రెండోవాడు కారు దగ్గిర ఆ మాటను వినిపిస్తాడు. చెవి పక్కనే ఉన్నదనుకుని కారు మోసపోతుంది. దీనికి విరుగుడు కూడా ఫారడే దగ్గిరే ఉంది. ఆయన 1836లో ఒక గదికి లోహపు రేకు చుట్టించి, బయటి విద్యుత్తు ప్రభావం లోపలికి రాదని రుజువుచేశాడు. తాళంచెవిని మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పెడితే దాని మాట బయటికి పోదు. మీ ఇంట్లో ఇటువంటి కారుంటే నాన్నగారిని అడిగి పరీక్షించండి. చెవిని డబ్బాలో పెట్టి, ఆ డబ్బా పట్టుకుని కారు దగ్గిరికి వెళ్ళండి. తలుపు తెరుచుకోకపోతే డబ్బా మంచిది. తెరుచుకుంటే వేరే డబ్బా వెతకాలి.

మరొక ఉపాయం ఇంకా చిత్రమైనది. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లోజాక్ అనే సాధనం వచ్చింది. అది కారులో ఎక్కడో దాచిన చిన్న రేడియో. కారు పోయినప్పుడు పోలీసులు దాన్ని పలికించి, కారు ఎక్కడున్నదీ తెలుసుకుంటారు. ఏ కారులో అది ఉన్నదో బయటికి కనపడదు. ఇయన్ ఎయర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు పండితులు దీని ఫలితాలు లెక్కగట్టి 1998లో ప్రచురించారు. ఈ రేడియోలు పెరిగిన నగరాల్లో మొత్తం దొంగతనాలే తగ్గాయి. ఏ కారులో రేడియో ఉందో తెలియక దొంగలు అన్ని కార్లకూ జడిశారు. అంటే, కొద్దిమంది పెట్టించుకున్న రేడియోవల్ల, పెట్టించుకోనివాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. అరిచే అలారం ఒకడి కారు కోసం వీధి నిద్రంతా చెరుపుతుంది. దాగిన రేడియో ఒకడి కారులో ఉండి ఊరినంతా కాపాడుతుంది.

ఇప్పుడు మొత్తం కూడి చూద్దాం. దొంగ మూడింటికి జడుస్తాడు: ఆలస్యం, అల్లరి, ఆనవాలు. తాళాలూ, ఇమ్మొబిలైజరూ ఆలస్యం చేస్తాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నిటికీ వస్తున్న ప్రత్యేక నంబరు పలక ఆనవాలుగా పనికివస్తుంది. దాని మీద హోలోగ్రామ్ ఉంటుంది, లేజరుతో చెక్కిన అంకెలుంటాయి, విరగ్గొడితే తప్ప ఊడని బందు ఉంటుంది. ఇక అల్లరి మాత్రం యంత్రం ఒక్కటే చెయ్యలేదు. యంత్రం కేక వెయ్యగలదు. ఆ కేకకు బదులు పలకవలసింది మనిషే. కేకకు విలువ ఉండాలంటే అది అరుదుగానూ, నిజంగానూ ఉండాలి. లేకపోతే "దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన" చందమే.

ఆ టాక్సీ ఆయన తరవాత ఆ మరను వెనక్కు తిప్పించాడు. వీధివాళ్ళు కూడా ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరి కారు ఊరికే మోగితే వాళ్ళు మర్నాడే బాగు చేయించాలి. మోగినప్పుడు మాత్రం దగ్గిరి ఇంటివాళ్ళు దీపం వేసి కిటికీలోంచి చూడాలి. చూడటమంటే చాలా పెద్ద పని. చూసేవాళ్ళున్న వీధిలో దొంగ నిలవడు. అయితే పిల్లలూ, మీరు మాత్రం ఒంటరిగా బయటికి పరుగెత్తకండి. పెద్దవాళ్ళను లేపండి, వాళ్ళచేత 112కు ఫోను చేయించండి. మనిషి ఎట్లా ఉన్నాడో, ఎటు పోయాడో గుర్తుపెట్టుకోండి. వీరత్వం కంటే ఆ జ్ఞాపకం పోలీసులకు ఎక్కువ ఉపయోగం.

చివరగా మీకొక పని చెబుతాను. పోప్ గారి గంటను మీరే తయారుచెయ్యవచ్చు. బట్టల క్లిప్పు ఒకటి తీసుకుని, దాని రెండు పెదవులకూ వేరువేరుగా అల్యూమినియం కాగితం చుట్టండి. ఒక్కొక్కదానికి ఒక తీగ తగిలించండి. ఆ తీగలను రెండు టార్చి సెల్లులకూ, 3 వోల్టుల బజరుకూ వరసగా కలపండి. పెదవులు తాకితే బజరు మోగుతుంది. ఇప్పుడు వాటి మధ్య దళసరి అట్టముక్క ఒకటి దూర్చండి. మోత ఆగుతుంది. క్లిప్పును గుమ్మానికి కట్టి, అట్టముక్కను దారంతో తలుపుకు కట్టండి. తలుపు తెరిస్తే అట్ట ఊడివచ్చి బజరు మోగుతుంది.

మోగించి ఊరుకోకండి. ఒక నోటుపుస్తకంలో రెండు గళ్ళు గియ్యండి. ఒక గడిలో బజరు పనికివచ్చేట్టు మోగినసార్లు, రెండో గడిలో ఊరికే మోగినసార్లు వారంరోజులు రాయండి. పక్కనే, మోగినప్పుడు ఇంట్లో ఎంతమంది తల తిప్పి చూశారో కూడా రాయండి. మొదటిరోజు అమ్మ, నాన్న, మామ్మ అందరూ చూస్తారు. ఏడోరోజున ఎందరు చూశారో ఆ లెక్క మీకే చెబుతుంది. అప్పుడు ఆలోచించండి: మీ గంట మోగితే ఇంటిల్లిపాదీ మళ్ళీ తల తిప్పి చూడాలంటే, దాన్ని ఎట్లా మార్చాలి? నేను ఇంతసేపు చెప్పినదానికంటే ఎక్కువ సంగతులు మీకు ఆ పుస్తకం నేర్పుతుంది.